ఎలుకల బోనులో కుడుక ముక్క

మొన్న పొద్దున మా వంటింట్లో ఒక చిట్టెలుక దొరికింది. దొరికింది అనడం కంటే అంటుకుంది అనాలి. నిజామాబాద్‌లో మేముండేది మూడో అంతస్తు. అంత ఎత్తుకు అది ఎలా ఎక్కి వచ్చిందో దానికే తెలియాలి. మా కోడలు ముందే దుకాణం నుంచి జిగురు పూసిన అట్ట ఒకటి తెచ్చి పొయ్యిగట్టు కింద పరిచి పెట్టింది. చాయ్ పెట్టుకుందామని నేను వంటింట్లోకి వెళ్లేసరికి, నాలుగు కాళ్లూ జిగురులో కూరుకుపోయి, మీసాలు మాత్రం కదిలిస్తూ ఆ పిల్ల ఎలుక నా వైపే చూస్తోంది. నేను నోరు తెరిచేలోపే కోడలు వచ్చి అట్టను పుస్తకం మూసినట్టు మూసేసి, నల్ల సంచిలో వేసి ముడి బిగించి, కింద అరుస్తున్న చెత్త బండికి ఇచ్చి వచ్చి చేతులు కడుక్కుంది. ఆమెను తప్పు పట్టను. ఆఫీసుకు వేళవుతున్న మనిషి, ఎలుకతో ముచ్చట పెట్టుకుంటూ కూర్చుంటుందా? కానీ నేను చాయ్ పెట్టుకోకుండానే తలుపు తీసి వరండాలో నిలబడ్డాను. ఎదురింటి వాళ్ల తలుపు మూసే ఉంది. మా ఇంట్లో ఎలుక పడ్డ సంగతి ఆ తలుపు వెనక ఎవరికీ తెలియదు, తెలియాల్సిన పనీ లేదు.

మా చిన్నప్పుడు అలా కాదు. ఎలుక పడిందంటే వాడకట్టు మొత్తానికి కబురు అందేది, అది ఆడదా మగదా, ముసలిదా పడుచుదా అన్న దాకా చర్చ జరిగేది. నా వయసు వాళ్లు ఇది చదువుతూ నవ్వుకుంటూ ఉంటారు, నాకు తెలుసు.

మాది బోధన్ నుంచి రెంజల్‌కు పోయే దారిలో, నిజాంసాగర్ కాలువ నీళ్లు పారే ఒక ఊరు. నాకు ఊహ తెలిసేసరికి అరవయ్యో దశకం మొదలైంది. వరి, పసుపు, చెరుకు, ఈ మూడింటి మధ్యనే పెరిగాం. మా అమ్మను మేము అవ్వా అనీ, నాన్నను బాపూ అనీ పిలిచేవాళ్లం. ఇంటి నడిమి గదిలో, వెదురుతో అల్లి పేడమట్టితో మెత్తిన పెద్ద గుమ్మి ఉండేది. ఏడాది తిండికి సరిపడా వడ్లు అందులోనే. దాని పక్కన పసుపు సంచులు, ఆ పైన దండెం మీద బట్టలు, మూలకు బెల్లం కుండ. ఎలుక అనే జీవికి ఇంతకంటే మంచి సంబంధం ఎక్కడ దొరుకుతుంది చెప్పండి! అందులోనూ చెరుకు కోతలు మొదలయ్యాయంటే ఇక మా పని అయిపోయినట్టే. ఏడాదంతా చేలో చెరుకు గడలు కొరుక్కుంటూ హాయిగా బతికిన ఎలుకలన్నీ, తోట నేలకొరగగానే మూటాముల్లె లేకుండా ఊరి మీద పడేవి. చెరుకు బండ్లు షక్కర్ ఫ్యాక్టరీ దారి పట్టేవి, ఎలుకలు మా ఇంటి దారి పట్టేవి.

మా బాపు చేయని ప్రయత్నం లేదు. మొదట ఎవరింటి నుంచో ఒక పిల్లిని తెచ్చాడు. అది మా పాలన్నీ తాగి, గుమ్మి మూత మీద వెచ్చగా పడుకుని, ఎలుకలు కింద నుంచి పోతుంటే ఒక కన్ను తెరిచి చూసి మళ్లీ మూసుకునేది. తరువాత పగిలిన గాజులూ సీసా పెంకులూ దంచి మట్టిలో కలిపి కన్నాలన్నీ పూడ్చాడు. అవి పక్కనే కొత్త కన్నం తవ్వుకున్నాయి. పెరట్లో పందికొక్కు బొరియలోకి ఎండుమిరపకాయల పొగ పెట్టిన రోజు ఇప్పటికీ కళ్ల ముందు కదులుతుంది. బొరియ నోట్లో కుండ బోర్లించి ఊదితే ఆ పొగ లోపల ఎటు తిరిగి ఎటు వచ్చిందో, మా ఇంట్లోనే లేచింది. ఇంటిల్లిపాదీ దగ్గుకుంటూ, కళ్లు తుడుచుకుంటూ బజార్లోకి పరుగెత్తాం. పందికొక్కు మాత్రం తుమ్మనైనా తుమ్మలేదు. ఇక మందు పెట్టడానికి అవ్వ ఒప్పుకునేది కాదు. మందు తిన్నది ఏ గుమ్మిలోనో, ఏ గోడ సందులోనో చస్తే ఆ వాసనకు అన్నం ఎవరు తింటారన్నది ఒక కారణం. వీధి కుక్కో, కోడో ఆ మందు తింటే ఆ పాపం ఎవరికన్నది రెండోది.

చివరికి ఒక ఏడు పసుపు అమ్ముకోవడానికి నిజామాబాద్ వచ్చినప్పుడు, బాపూ, మా పక్కింటి మామయ్యా కలిసి ఇనుప తీగల బోను ఒకటి కొనుక్కొచ్చారు. ఈ మామయ్య గురించి చెప్పాలి. వాళ్లు కోస్తా నుంచి వచ్చి కాలువ కింద భూమి కొనుక్కుని స్థిరపడ్డవాళ్లు. ఆయనా, అత్తయ్యా, ఇద్దరే. పిల్లలు లేరు. మాకు రక్తసంబంధం ఏమీ కాకపోయినా వచ్చిన కొత్తలోనే వరసలు కలిశాయి. అవ్వ ఆమెను వదినె అనేది, ఆమె అవ్వను వదినగారూ అనేది, బాపు ఆయనను బావా అనేవాడు. మా ఇళ్ల మధ్య నడుము ఎత్తు మట్టిగోడ ఒకటి ఉండేది. రెండిళ్లకూ కలిపి తెచ్చిన బోను కనుక అది ఎవరిదీ కాదు, ఇద్దరిదీ. కొన్నాళ్లు మా ఇంట్లో, కొన్నాళ్లు వాళ్లింట్లో, వంతుల మీద తిరిగేది.

ఇక్కడ మా వైపు ఒక పద్ధతి ఉంది. ఎవరైనా గిన్నెలో కూర పంపితే ఆ గిన్నెను ఖాళీగా తిరిగి పంపరు. ఏమీ లేకపోతే గుప్పెడు బియ్యమో, చిన్న బెల్లం ముక్కో వేసి పంపుతారు. మా అవ్వకు ఈ పట్టింపు మరీ ఎక్కువ. మొదటిసారి బోను వాళ్ల వంతుకు వచ్చినప్పుడు దాన్ని వేడినీళ్లతో తోమి, ఎండకు ఆరబెట్టి, గోడ మీద పెట్టబోతూ ఆగిపోయింది. లోపలికి పోయి ఎండుకొబ్బరి కుడుక పగలగొట్టి, ఒక ముక్క తెచ్చి బోను కొక్కానికి గుచ్చి అప్పుడు గోడ మీద పెట్టింది. అత్తయ్య అది చూసి పకపకా నవ్వింది.

"ఇదేం చోద్యమండీ వదినగారూ, మీ ఊళ్లో ఎలక్కి కూడా సారె పెట్టి పంపుతారా?"

"ఉత్తగ ఎట్ల పంపాలె వదినె? ఇంట్లకెళ్లి పోయేటిది ఏదైనా ఉత్తగ పోవద్దు" అంది మా అవ్వ, చాలా గంభీరంగా.

నవ్వింది కానీ అత్తయ్య ఆ పద్ధతి పట్టుకుంది. వాళ్ల వంతు అయిపోయి బోను మా గోడ మీదికి వచ్చేసరికి కొక్కానికి గారె ముక్క ఉండేది. ఒక్కోసారి బూరె, ఒక్కోసారి వేయించిన ఎండుచేప. అవ్వ దాన్ని చూసే వాళ్లింటి సంగతులు చెప్పేది. ఇవాళ చేపలు వండుకున్నారనీ, ఎవరో చుట్టాలు వచ్చినట్టున్నారనీ. అవ్వ ఊరికే ఉంటుందా? కుడుకతో మొదలుపెట్టినది మక్క గారెల దాకా, పోలెల దాకా, అదే బొబ్బట్ల దాకా వెళ్లింది. మా ఎలుకలు కోస్తా రుచులు మరిగాయనీ, వాళ్ల ఎలుకలు మన తిండికి అలవాటు పడ్డాయనీ, ఇక రెండూ గోడ దాటి విందులకు తిరుగుతున్నాయనీ బాపు ఎగతాళి చేసేవాడు. అవ్వకు ఎలుక పడటం మీద ఉన్న ఆసక్తి కంటే, బోను వచ్చిన పొద్దున దాని కొక్కానికి ఏముందో చూడటం మీదే ఎక్కువ ఆసక్తి అని నాకు అప్పుడే అనుమానం.

పడ్డ ఎలుకలను చంపే ఆచారం మా ఇంట్లో లేదు. బాపు బోనును సైకిలు వెనక కట్టుకుని కాలువ అవతలికి తీసుకెళ్లి వదిలేవాడు. అవతల ఉన్నది మామయ్య చెరుకు తోట. మామయ్య తన ఎలుకలను తెచ్చి మా పసుపు చేను గట్టున వదిలేవాడు. ఇద్దరికీ ఈ సంగతి తెలుసు. ఎదురుపడితే సైకిళ్లు ఆపి, బోను ఎవరి దగ్గరుంటే వాళ్ల సరుకును రెండోవాళ్లు మెచ్చుకుని మరీ పోయేవారు. తోక సగం తెగిన ఎలుక ఒకటి ఉండేది. అది మా ఇంట్లో పడేది, వాళ్ల తోటకు పోయేది, వాళ్లింట్లో పడేది, మా చేనుకు వచ్చేది. చుంచు పడితే మాత్రం అవ్వ వాకిట్లోనే తలుపు ఎత్తి వదిలేసేది, అది లక్ష్మి అట. వినాయకుడి నవరాత్రుల్లో బోను అటకెక్కేది. ఆ రోజుల సంగతి ఎలుకలకు ముందే తెలుసని బాపు నమ్మకం.

ఇలా నవ్వులాటగా సాగుతున్న రోజుల్లో ఒక ఏడు వానలు సరిగా పడలేదు. నిజాంసాగర్‌లో నీళ్లు అడుగంటాయి. కాలువకు వంతుల మీద నీళ్లు వదిలారు. కాలువ అవతల మా చేనుకూ వాళ్ల తోటకూ ఒకటే తూము. వాళ్లది పైన, మాది కింద. మా వంతు వచ్చిన రోజు బాపు పొద్దుటి నుంచి పార పట్టుకుని గట్టు మీద నిలబడితే, నీళ్లు మా మడి దాకా రానే లేదు. పైకి పోయి చూస్తే మామయ్య తోటలో తడి ఉంది. బాపుకు కోపం వస్తే ఆగదు. నీళ్లు తిప్పుకున్నావన్నాడు. మామయ్య మెత్తని మనిషే కానీ దొంగతనం అంటగడితే ఎవరు ఊరుకుంటారు? నేనెందుకు తిప్పుకుంటానండీ, గట్టు తెగిందండీ అన్నాడు. మాట మీద మాట పెరిగింది. ఎలుకల సంగతి కూడా బయటికి వచ్చింది. నవ్వుతూ చేసిన పనినే, నా తోట పాడుచేయడానికి వదిలావంటే నా చేను పాడుచేయడానికి వదిలావని ఇద్దరూ ఊరు వినేలా అరుచుకున్నారు. ఆ సాయంత్రం నుంచి రెండిళ్లకూ మాటల్లేవు. ఆ ఏడు మా పసుపు సగం ఎండిపోయింది.

అవ్వ బాపు పక్షమే. పంట పోయిన బాధ ఆమెకు మాత్రం లేదా? అత్తయ్య పెరట్లో కనిపిస్తే ఈమె మొహం తిప్పుకునేది. ఆమె కూడా కొంగు సర్దుకుని లోపలికి పోయేది. గోడ మీదుగా మాటలు నడిచిన చోట ఇప్పుడు చీపురు చప్పుళ్లు మాత్రం వినిపించేవి. నాకు అప్పటికి బాగా ఊహ తెలిసింది. పెద్దవాళ్లు మాట్లాడుకోవడం మానేస్తే ఇల్లు ఎంత ఇరుకవుతుందో నాకు ఆ రోజుల్లోనే తెలిసింది.

అంతలో చెరుకు కోతలు వచ్చాయి. నీళ్ల పంచాయతీ ఎలుకలకేం తెలుస్తుంది? వాటి మానాన అవి దిగాయి. బోను మా ఇంట్లో ఉంది. మా వంతు అయిపోయింది. బాపు ఇవ్వొద్దంటాడేమో అనుకున్నాను కానీ ఆయనకూ న్యాయం ఉంది, బోను ఇద్దరిదీ. గోడ మీద పడేసి రా, మాటా పలుకూ ఏం వద్దు అన్నాడు. అవ్వ తల ఊపి బోను తోమింది, ఆరబెట్టింది. తరువాత వంటింట్లోకి పోయి, అలవాటు కొద్దీ కుడుక ముక్క తెచ్చి కొక్కానికి గుచ్చింది. బాపు చూడనే చూశాడు.

"మాటల్లేవంటివి. మల్ల గీ కుడుక ఏందే?"

అవ్వ తల ఎత్తకుండానే జవాబు చెప్పింది. "గది ఎల్కకు పెట్టిన. ఆమెకు గాదు."

బాపు కండువా దులుపుకుని బయటికి వెళ్లిపోయాడు. ఆ తరువాత బోను వాళ్ల వంతు ముగించుకుని గోడ మీదికి వచ్చిన పొద్దున అవ్వ నాకంటే ముందు లేచింది. దగ్గరికి పోకుండా వాకిలి ఊడుస్తూ, ఊడుస్తూ, గోడ వరకూ ఊడ్చుకుంటూ పోయి ఓరగా చూసింది. కొక్కానికి గారె ముక్క ఉంది. ఆ రోజు చాయ్‌లో చక్కెర ఎక్కువైంది.

ఇక ఆ కోతల కాలమంతా అదే నడిచింది. రెండిళ్ల ఆడవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకోరు, పలకరించుకోరు, కానీ బోను మాత్రం ఒక్కసారి కూడా ఖాళీగా గోడ ఎక్కలేదు. ఎలుకకు పెట్టేదైతే ఎండిన రొట్టె ముక్క చాలు. మా అవ్వ అప్పుడే చేసిన వేడి పోలె ముక్క నెయ్యి రాసి మరీ గుచ్చేది, ఎలుక నెయ్యి లేకపోతే తినదన్నట్టు. అటు నుంచి నువ్వులు అద్దిన అరిసె ముక్క వచ్చేది. అది చూసి వాళ్లింట్లో ఏం పండుగో, ఎవరు చేయించారో, ఒక్కతే ఎలా వండుకుందో అని అవ్వ తనలో తను గొణుక్కునేది. అడగడానికి మాటల్లేవు కదా. ఆమెకు అత్తయ్య అంటే ఎంత ప్రాణమో నాకు ఆ గొణుగుడులోనే అర్థమైంది. ఊళ్లో అవ్వకు చుట్టాలున్నారు, అక్కచెల్లెళ్ల వరసవాళ్లున్నారు. కానీ కష్టం చెప్పుకోవడానికి ఆమె ఎంచుకున్నది గోడ అవతలి మనిషిని. ఆ మనిషి ఇంకా తనదేనా కాదా అన్నది ఆ ఇనుప కొక్కెం ఒక్కటే చెబుతోంది.

అలాంటి కొక్కెం ఒక పొద్దున ఖాళీగా వచ్చింది.

నేను ఆ మొహం మరిచిపోలేను. అవ్వ బోను చేతిలోకి తీసుకుని, పడిపోయిందేమోనని గోడ కింద రెండు వైపులా వెతికింది. చీమలు పట్టుకుపోయాయేమోనని తీగల మధ్య చూసింది. బోను తోమి కూడా లేదు. దాన్ని తెచ్చి వాకిట్లో పెట్టి దాని ముందే కూర్చుంది. "గింత ముక్క. గింత ముక్క పెట్టనీకి ఆమెకు చెయ్యి రాలేదా?" అని ఎవరిని అడుగుతుందో తెలియకుండా అడిగింది. పొయ్యి మీద అన్నం మాడింది. బాపు వచ్చి సంగతి తెలుసుకుని, పోనీలే పీడ పోయింది అన్నాడు కానీ ఆయన గొంతులో కూడా బలం లేదు. పొద్దు నెత్తి మీదికి వచ్చేదాకా అవ్వ కోపంతో రగిలింది, ఏడ్చింది, మళ్లీ రగిలింది. చివరికి కొంగు నడుముకు చుట్టి లేచింది. "అడిగే అస్త. మొఖం మీదనే అడిగి అస్త" అంటూ గోడ దగ్గరికి కాదు, దర్వాజా లోంచి బజార్లోకి దిగి వాళ్లింటి ముందు తలుపుకే నడిచింది. కొట్లాట అవుతుందేమోనని భయపడి నేనూ వెంట పోయాను.

తలుపు ఓరగా వేసి ఉంది. లోపల పొయ్యిలో బూడిద చల్లగా ఉంది. అత్తయ్య మంచం మీద, ఉన్న గొంగళ్లన్నీ కప్పుకుని పళ్లు టకటకలాడిస్తూ వణుకుతోంది. కాలువ కింది ఊళ్లలో చలిజ్వరం అప్పట్లో ఇంటింటికీ వచ్చేది. మామయ్య చెరుకు బండ్లతో ఫ్యాక్టరీకి పోయాడు. అక్కడ బండ్ల వరుస ఎంత పొడవుంటుందో ఆ కాలం వాళ్లకు చెప్పనక్కరలేదు. పోయిన మనిషి ఎప్పుడు తిరిగి వస్తాడో అతనికే తెలిసేది కాదు. ఆమెకు మంచినీళ్లు ఇచ్చే దిక్కు లేదు.

అవ్వను చూసి అత్తయ్య లేవబోయింది. "బోను మీ వంతు కదా వదినగారూ... ఆలస్యమైతే ఏమనుకుంటారోనని లేచి పెట్టొచ్చాను. పొయ్యి వెలిగించే ఓపిక లేకపోయిందండీ. ఉత్త బోను పెట్టాను, ఏమీ అనుకోకండి" అంది, మాట మాటకూ వణుకుతూ.

అవ్వ అడుగుతానని పోయిన మాట అడగలేదు. "నోరు మూస్కో వదినె, నోరు మూస్కో" అని తిడుతూ, తిడుతూనే ఏడుస్తూ ఆమె తల ఒళ్లో పెట్టుకుంది. నేను ఇంటికి పరుగెత్తి బాపును పిలుచుకొచ్చాను. ఆయన గుమ్మంలో నిలబడి చూసి, సైకిలు తీసి బోధన్ దారి పట్టాడు. డాక్టరుకు చెప్పి పంపి, అక్కడి నుంచి నేరుగా ఫ్యాక్టరీ దగ్గరికి పోయి, ఆ బండ్ల వరుస పొడుగూతా వెతికి మామయ్యను పట్టుకున్నాడు. ఆ తరువాతి సంగతి మాకు మామయ్యే చెప్పేవాడు, చెప్పినప్పుడల్లా ఆయన కళ్లు తడిసేవి. వరుసలోంచి బండి తీస్తే మళ్లీ చివరికి పోవాలి, చెరుకు ఎండి తూకం పడిపోతుంది. అందుకని బాపు ఆయన చేతిలోంచి పగ్గాలు తీసుకుని, "బావా, ఇంట్ల చెల్లెకు జరం బగ్గ ఉంది. నువ్వు సైకిలు తీస్కోని పో. బండి నేను సూస్కుంట" అన్నాడట. అంతే. వేరే రాజీ ఏమీ జరగలేదు. మామయ్య చెరుకు తూకమయ్యేదాకా మా బాపు ఆ ఎద్దుల దగ్గరే ఉండి, ఖాళీ బండి తోలుకుని వచ్చాడు.

నీళ్ల మాట తరువాత ఎప్పుడో వచ్చింది. ఇద్దరూ కలిసి పైగట్టు తవ్వి చూసి, లోపల పందికొక్కు బొరియ ఉందనీ, నీళ్లన్నీ అందులోంచే పోయాయనీ తేల్చారు. నిజంగా బొరియే ఉందో, నేరం పందికొక్కు మీద వేసి ఇద్దరూ గౌరవంగా బయటపడ్డారో నాకు ఇప్పటికీ తెలియదు. పందికొక్కు వచ్చి సాక్ష్యం చెప్పదు కదా.

మంచి రోజులు మళ్లీ వచ్చాయి, కొన్నాళ్లే. అరవయ్యో దశకం ముగిసే వేళకు మన ప్రాంతం, వాళ్ల ప్రాంతం అన్న మాటలు ఊరూరా వినిపించసాగాయి. వాటి న్యాయాన్యాయాలు చెప్పేంత దాన్ని కాను, ఇక్కడి వాళ్ల బాధ ఇక్కడి వాళ్లకుంది. మా ఊళ్లో మామయ్యను ఎవరూ ఒక్క మాట అనలేదు. కానీ కోస్తాలో ఉన్న ఆయన అన్నదమ్ములకు భయం పట్టుకుంది. పిల్లాజెల్లా లేనివాళ్లు, రేపు ఎవరు చూస్తారని కబురు మీద కబురు పంపారు. చివరికి భూమి అమ్మేశారు. లారీలో సామాను ఎక్కించే రోజు మా ఇంట్లో పొయ్యి వెలగలేదు.

బోను అప్పుడు మా దగ్గర ఉంది. లారీ బయలుదేరబోతుంటే అవ్వ దాన్ని తెచ్చింది. తోమి, ఆరబెట్టి, ఈసారి ముక్క కాదు, ఆ కొక్కానికి ఆగేంత కుడుక గుచ్చింది. అత్తయ్య వద్దంది. "అది మీ దగ్గరే ఉంచండి వదినగారూ. అక్కడ మేం ఇంకోటి కొనుక్కుంటాం" అంది.

"వంతు మీది వదినె. తీస్కపో. మల్ల మా వంతుకు నువ్వే తేవాలె" అంది అవ్వ.

అత్తయ్య లారీ ముందు సీట్లో కూర్చుని ఆ ఎలుకల బోనును ఒళ్లో పెట్టుకుంది. కాలువ వంతెన దాటేదాకా నాకు ఆ తీగలు ఎండకు మెరుస్తూ కనిపించాయి.

మరుసటి కోతలకు ఎలుకలు వచ్చాయి. ఎన్నడూ లేనంతగా వచ్చాయి. బాపు నిజామాబాద్ పోతూ కొత్త బోను తెస్తానన్నాడు. అవ్వ వద్దంది. "మన బోను ఆళ్లింట్ల ఉన్నది. వంతు దిగంగనే అస్తది. ఇంకోటి దెస్తే ఇగ ఆమె ఎందుకొస్తది?" అంది. బాపు నవ్వబోయి ఆమె మొహం చూసి మానేశాడు. ఆ తరువాత ఆయన ఆ మాట ఎత్తలేదు. గుమ్మికి కన్నాలు పడ్డాయి, అవ్వ మట్టి మెత్తింది. బట్టలు కొరికాయి, అవ్వ అతుకులు వేసింది. కొత్త బోను మాత్రం గుమ్మం తొక్కనివ్వలేదు. రెంజల్ బస్సు ఊళ్లో ఆగినప్పుడల్లా ఆమె ఏ పనిలో ఉన్నా తల ఎత్తి, దిగే ఆడవాళ్ల చేతుల వైపు చూసేది. మొహాల వైపు కాదు, చేతుల వైపు. నాకు పెళ్లై నిజామాబాద్ వచ్చేశాక కూడా, పోయినప్పుడల్లా అదే చూపు. అత్తయ్య రాలేదు. ఎందుకు రాలేదో తెలియదు. అంత దూరం నుంచి ఎలుకల బోను పట్టుకుని ఎవరొస్తారని మీరు అనొచ్చు. మా అవ్వ అనలేదు. కన్నుమూసేదాకా ఆమె లెక్కలో వంతు వాళ్లదే. అక్కడ అత్తయ్య కూడా ఆ కొక్కానికి ఎప్పటికప్పుడు తాజా గారె ముక్క గుచ్చి, మా వదినగారి వంతు వచ్చిందే, ఎవరితో పంపను అనుకుంటూ ఉండిపోయిందేమో అని తలుచుకుంటే నాకు కొంచెం నవ్వొస్తుంది, చాలా ఏడుపొస్తుంది.

ఇప్పుడు ఎవరింట్లో ఏది లేదు కనుక? అన్నీ అందరికీ ఉన్నాయి. అడగాల్సిన పని లేదు, ఇవ్వాల్సిన పని లేదు. పోయిన పండుగకు ఎదురింటికి గిన్నెలో పాయసం పంపాను. చాలా మంచి పిల్ల ఆమె, సాయంత్రానికే గిన్నె తళతళలాడేలా తోమి తెచ్చి, థాంక్యూ ఆంటీ అని చేతికిచ్చింది. ఆమె వెళ్లాక నేను ఆ గిన్నెలోకి చూశాను. మొహం కనిపించేంత శుభ్రంగా ఉంది. ఆమె తప్పేమీ లేదు, ఆమెకు ఎవరూ చెప్పి ఉండరు. కానీ ఒక వస్తువు ఇంటి నుంచి ఇంటికి పోయి, వట్టి చేతులతో తిరిగి రాకుండా ఉన్న రోజుల కోసం నా ప్రాణం ఈ వయసులో కొట్టుకుంటోంది.

ఆ చిట్టెలుక సంగతి జరిగిన మరునాడు, ఆ జిగురు అట్టల బాధ పడలేక, బజారుకు పోయి ఇనుప సామాన్ల కొట్లో అడిగాను. కొట్టతను పై అర మీద నుంచి దుమ్ము దులిపి ఒక బోను దించాడు. అచ్చం అదే. అవే తీగలు, అదే తలుపు, లోపల అదే కొక్కెం. ఈ మధ్య ఎవరూ అడగడం లేదమ్మా, ఇదొక్కటే మిగిలింది, కట్టమంటారా అన్నాడు. నేను సంచీలో చెయ్యి కూడా పెట్టాను. కొక్కెం మీద వేలు ఆనిందో లేదో, కొందామని వచ్చిన నా నోటి నుంచే వేరే మాట వచ్చింది.

"వద్దు బిడ్డా. మాదొకటి ఉన్నది. పక్కింటోళ్లు తీస్కపోయిండ్రు, అస్తది."